మూడో చెట్టుకు బంక కారుతోందా: ఒక యావజ్జీవ ఖైదీ ఉత్తరాల కేసు

ఈ కేసు రాయడానికి అతని అనుమతి తీసుకున్నాను. రాసింది చదివి వినిపించాను కూడా. రెండు చోట్ల తీసేయమన్నాడు, తీసేశాను. పేరు, వయసు, ఊరు, నేరం వివరాలు గుర్తుపట్టే వీల్లేకుండా మార్చాను. జైలు పేరు చెప్పను. పంటను మాత్రం మార్చలేదు. నిమ్మ తీసేసి మామిడి అని పెడితే ఈ కేసులో చెప్పడానికి ఇంకేమీ మిగలదు. అతన్ని రమణయ్య అంటాను. నెల్లూరు వైపు ఏ వీధిలో పిలిచినా ఇద్దరు రమణయ్యలు పలుకుతారు కాబట్టి ఇబ్బంది లేదు.

నేను వారానికి రెండు రోజులు జైలుకు వెళ్ళే కౌన్సెలర్‌ని. 2018లో ఒకరోజు బ్యారక్ వార్డరు వచ్చి చెప్పిన మాటతో ఈ కేసు మొదలైంది: "రోజూ పోస్టు వచ్చిందా, పోస్టు వచ్చిందా అని పీక్కు తింటా ఉండాడు మేడం. చిత్రమేందంటే, వాడికి ఉత్తరం రాసేవాళ్ళు ఒక్కరూ లేరు."

నేపథ్యం

రమణయ్యది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం. ఎకరంన్నర నిమ్మతోట, ఒక బోరు. గట్టు తగాదా ఏళ్ళ తరబడి నలుగుతోంది. ఒక రాత్రి తాగి వెళ్ళి పక్క పొలం ఆయన్ని కొట్టాడు, ఆయన చనిపోయాడు. పాత ఐపీసీలో హత్యకు శిక్ష చెప్పే 302 కింద యావజ్జీవం పడింది. నేను చూసేనాటికి లోపల తొమ్మిదో ఏడు నడుస్తోంది. భార్య నాలుగో ఏట పుట్టింటికి వెళ్ళిపోయింది. కూతురు నాయనమ్మ దగ్గరే పెరుగుతోంది. తోట అక్క కొడుకు చూసుకుంటున్నాడు. ములాఖత్‌కు మనిషి వచ్చి మూడేళ్ళు దాటింది.

ఆ తొమ్మిదేళ్ళూ అతను ఒక అంకె పట్టుకుని బతికాడు: పద్నాలుగు. "పద్నాలుగేళ్ళయితే వదిలేస్తారు" అనేది బ్యారక్‌లో ప్రతి ఒక్కరూ నమ్మే మాట. చట్టంలో ఉన్నది వేరు. మరణశిక్ష పడదగ్గ నేరానికి యావజ్జీవం పడినవాణ్ణి కనీసం 14 ఏళ్ళు లోపల ఉంచకుండా వదలకూడదని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 433ఎ చెప్పేది. ఇప్పుడది దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 475వ సెక్షన్. 14 నిండితే వదిలి తీరాలని ఎక్కడా లేదు. యావజ్జీవం అంటే బతికినంత కాలమేనని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ గోడ్సే కేసులో తేల్చింది. రమణయ్యకు ఈ సంగతి ఏ వకీలూ చెప్పలేదు. పక్క మంచం మనిషికి పదహారేళ్ళు నిండినా పంద్రాగస్టుకు వదిలేవాళ్ళ జాబితాలో పేరు రాలేదు. అది చూసి అతనే లెక్క వేసుకున్నాడు. పోస్టు కోసం అడగడం ఆ వారమే మొదలైంది.

వచ్చిన సమస్య

నిద్ర లేదు. రాత్రి అన్నం పక్కవాడికి ఇచ్చేస్తున్నాడు. చనిపోవాలనిపిస్తోందా అని మొదటి రోజే సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొత్తగా వచ్చేవాళ్ళు జంకుతారు. అడక్కపోవడమే ప్రమాదం. "అనిపిస్తుంది, ధైర్యం లేదు" అన్నాడు. జైలు డాక్టరు ద్వారా మానసిక వైద్యుడికి చూపించాం. మందులు మొదలయ్యాయి, నిద్ర కొంత కుదిరింది. పోస్టు గురించి అడగడం మాత్రం ఆగలేదు.

రెండేళ్ళలో ఎవరెవరికి రాశావంటే వేళ్ళ మీద లెక్కపెట్టాడు. తల్లికి, భార్యకు, కూతురికి, ముఖ్యమంత్రికి, పత్రికలకు, పాట వేయమని రేడియోకి, ఒక జడ్జిగారికి. జడ్జిగారికి ఎందుకంటే, "జైల్లోంచి కార్డు ముక్క రాసినా కేసవుతుందంట గదా మేడం" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. తీహార్ జైల్లో తోటి ఖైదీని హింసిస్తున్నారని సునీల్ బాత్రా రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. 1979లో తీర్పు ఇచ్చింది. ఆ కథ జైలు నుంచి జైలుకు నడుచుకుంటూ మా వైపుకూ చేరింది. కానీ రమణయ్యకు చెప్పుకోవాల్సిన ఫిర్యాదేమీ లేదు. ఎవరో ఒకరు తన పేరు రాసి పంపాలి, అంతే.

నేను చేసిన మొదటి తప్పు

ఉత్తరాలు కావాలంటున్నాడు, రాసేవాళ్ళను వెతికి పెడదాం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది, అప్పుడు మాత్రం తెలివైన ఆలోచనలాగే తోచింది. ఒక కాలేజీ ఎన్ఎస్ఎస్ పిల్లలతో మాట్లాడి, అధికారుల అనుమతితో, ఇంటి చిరునామాలు బయటపడకుండా కాలేజీ చిరునామా మీద ఉత్తరాలు నడిపాం. నాలుగు నెలల్లో పన్నెండు వచ్చాయి. పిల్లలు మంచివాళ్ళే. "మీరు ధైర్యంగా ఉండండి అంకుల్" అని రాసేవాళ్ళు. దానికి ఇతను ఎనిమిది పేజీలు తిరిగి రాసేవాడు. ఒక అమ్మాయి రెండు వాక్యాల్లో తన తండ్రి గురించి రాస్తే, ఆ ఇన్‌ల్యాండ్ లెటర్ మడతల దగ్గర చిరిగిపోయేదాకా చదివాడు.

మార్చిలో పరీక్షలొచ్చాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. అలా ఆగుతాయని ముందే తెలిసి ఉండాల్సింది నాకు. పిల్లలది తప్పేం లేదు. ఏప్రిల్ మధ్యకు రమణయ్య మళ్ళీ అన్నం మానేశాడు, ఈసారి పొద్దుటిది కూడా. నేను అతనికి ఇచ్చింది మూడేళ్ళ కోర్సుతో పాటే ముగిసిపోయే బంధం. అతని శిక్షకు ముగింపు తేదీ లేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు.

తర్వాత బ్యారక్‌లో చదువురానివాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టే పని అప్పగించాం. ఎవరైనా ఇదే సలహా ఇస్తారు. పదిమందికి పనికొస్తే తనకూ బాగుంటుంది గదా అని. రెండు నెలలు బాగానే నడిచింది. ఉత్తరానికింత అని బీడీ కట్టలు రావడం మొదలైంది. ఆపైన అందరి ఇంటి గుట్టూ ఇతని చేతిలో పడింది. కందుకూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పనిచేసిన ఒకతను, తన భార్య సంగతి బ్యారక్‌లో పాకిందని ఇతని మీద పడి కొట్టాడు. పొక్కించింది ఇతను కాదని తర్వాత తేలింది. పని ఆపేశాం. పైగా అందరి ఉత్తరాలూ రాస్తూ, తనకు రాసేవాళ్ళు లేరన్న సంగతిని రోజూ గుర్తు చేసుకుంటున్నాడని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఇక మూడోది. చనిపోయిన ఆయన భార్యకు క్షమాపణ రాస్తానన్నాడు. వద్దన్నాను. అతని పశ్చాత్తాపం మీద నాకు అనుమానం లేదు. కానీ ఆమె అడగని ఉత్తరం అది. జైలు ముద్రతో ఆమె గుమ్మంలో పడితే దాన్ని క్షమాపణగానే చదువుతుందని ఏముంది? నా విడుదలకు అడ్డు రావద్దని బెదిరిస్తున్నాడని ఊళ్ళో అనుకోవచ్చు. ఆమె సాక్షి కూడా. రాసుకో, నా ఫైల్లో పెడతాను, పంపను అన్నాను. తొమ్మిది పేజీలు రాశాడు. అది ఇప్పటికీ ఫైల్లోనే ఉంది.

తల్లి ఎందుకు రాయలేదు

తల్లికి పోయిన కార్డులకు ఒక్క జవాబూ లేదు. చదువు రాదేమో అనుకున్నాను. "వచ్చు మేడం, రాత్రి బళ్ళో నేర్చుకునింది" అన్నాడు. అయితే వెళ్ళి చూడాలి. పోలీస్‌స్టేషన్ ద్వారా కబురు పెట్టే దారి ఉంది గానీ కానిస్టేబుల్ గడప తొక్కితే ఊరంతా మళ్ళీ ఆ రాత్రిలోకి పోతుంది. సూపరింటెండెంట్ అనుమతి, రమణయ్య సంతకం తీసుకుని నేనే బస్సెక్కాను.

ఆమె పంచలో కూర్చుని కాయలు ఏరుతోంది, పండుకాయ ఒక వైపు, పచ్చికాయ ఒక వైపు. జైలు నుంచి అనగానే చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. మాట్లాడినంతసేపూ నా మొహం చూడలేదు.

"సారా ప్యాకెట్లు తెచ్చినోడి మూట లాక్కొని కాలవలో పోసినోళ్ళల్లో నేనూ ఉండానమ్మా. నా కడుపున పుట్టినోడే తాగి మనిషిని చంపె. ఏం రాయమంటావు వాడికి?"

బయటివాళ్ళకు ఈ మాట బరువు తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1990–91లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బళ్ళలో ఆడవాళ్ళు చదివిన పాఠాల్లో సారా గురించి ఒకటుంది. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన కథ ఊరూరా పాకింది. 1992కల్లా జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఈమె ఆ బళ్ళోనే అక్షరాలు దిద్దింది, ఆ గొడవలోనే పోలీసుల చేత తిట్లు తింది. తర్వాత కొన్నేళ్ళకు ఊరి మొగలో బ్రాందీ షాపు వచ్చింది.

తల్లి సిగ్గుతో ముడుచుకుపోయి ఉంటుందని నా నోట్స్‌లో రాసుకుని వెళ్ళాను. ఆమెలో ఉన్నది కోపం. సిగ్గనుకుంటే ఓదార్చాలని చూస్తాం. కోపానికి ఓదార్పు ఏం పనికొస్తుంది?

ఇంకో సంగతి కూడా తెలిసింది. కార్డులన్నీ పోస్టు తెచ్చే కుర్రాడు చదివాకే ఇస్తున్నాడు, ఒక్కోసారి రచ్చబండ దగ్గర నలుగురికీ వినిపించి మరీ. చివరి రెండూ ఆమె తీసుకోనే లేదు. ముందు తీసుకున్నవి చూరులో దోపి పెట్టింది. ఒకటి తీసి చూపించింది. అందులో ఇలా ఉంది: "అమ్మా, నీ కడుపున చెడబుట్టినాను. నన్ను క్షమించినానని ఒక్క మాట రాయి. లేకుంటే నేను బతికి లాభం లేదు."

దీనికి ఆ తల్లి ఏం జవాబు రాయాలి? క్షమించానంటే తన బతుకులో గెలిచిన ఒక్క గెలుపునూ కొట్టేసుకోవాలి. క్షమించలేదంటే కొడుకు చస్తానంటున్నాడు. రెండూ రాయలేని మనిషి ఊరుకుంది. ఆ ఉత్తరం చదివితే నేనైనా ఊరుకునేదాన్నే.

లేవబోతుంటే అడిగింది, "తింటా ఉండాడా?" తక్కువ తింటున్నాడన్నాను. గడప దాటాక వెనకనుంచి మరో మాట: "మూడో చెట్టుకి బంక కారతా ఉండాది. వాడు పెట్టిన చెట్టది."

ఏ వరస మేడం?

వారం తర్వాత రమణయ్యతో కూర్చున్నప్పుడు సారా సంగతి, కోపం సంగతి ఎంతవరకు చెప్పాలా అని తర్జనభర్జన పడుతున్నాను. ముందు తేలికైనది చెబుదామని బంక మాట ఎత్తాను. అతను తలెత్తాడు.

"ఏ వరస మేడం? బోరు కాడనా, గట్టు వైపా?"

నాకు తెలియదు. నేను చూడనే లేదు. "అడిగి రాయి" అన్నాను. అప్పటికి అతను పోస్టు గురించి తప్ప ఇంకో ప్రశ్న అడగక రెండు నెలలైంది.

ఇదంతా నా పద్ధతి వల్ల జరిగిందని చెప్పుకోలేను. గడప దగ్గర ఆమె నోటినుంచి జారిన మాట. నేను చేసిందల్లా దాన్ని పట్టుకోవడం. ఆ సాయంత్రం ఇద్దరం పాత ఉత్తరాల నకళ్ళు ముందేసుకుని, వీటిలో అవతలివాళ్ళు జవాబు చెప్పగల ప్రశ్న ఎక్కడైనా ఉందా అని వెతికాం. ఒక్కటీ లేదు. అన్నీ తీర్పు అడిగే ఉత్తరాలే. బోరులో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయని అడిగితే నిరక్షరాస్యుడైనా ఎవరిచేతనో రాయించి పంపగలడు.

అప్పుడు పెట్టుకున్న కట్టుబాట్లివి. నెలకు ఒకటే ఉత్తరం, 5వ తేదీన ఇచ్చేయాలి. ఒకటే పేజీ. క్షమాపణ మాట, చావు మాట రాకూడదు. అవి నాతో మాట్లాడాలి, అమ్మతో కాదు. మూడు ప్రశ్నలు, ఒక మాటలోనో ఒక అంకెలోనో జవాబు చెప్పగలిగేవి. కార్డులు బంద్, కవరే. లోపల చిరునామా రాసిన రెండున్నర రూపాయల ఇన్‌ల్యాండ్ లెటర్ ఒకటి. కవరు ఊరికి పోదు. మండల కేంద్రంలో మేనల్లుడు సాయంత్రాలు పనిచేసే ఎరువుల కొట్టుకు పోతుంది, అతను బండి మీద తీసుకెళ్ళి ఇస్తాడు. జైలు తనిఖీ మామూలే. నేను చేతికి తీసుకుని అందించడం ఒక్కసారీ చేయలేదు. అది మొదలైతే రేపు ఏ ఉత్తరాన్నీ జైలు నమ్మదు.

వత్తులు లేకుండా పెద్ద అక్షరాలతో రాయమన్నాను. ఒప్పుకోలేదు. "మా అమ్మకు చదవడం బాగానే వచ్చు మేడం. రాయడమే నిదానం." అతనిదే సరైన మాట.

జైలు ఫోను ఉంది గదా అని ఓ అధికారి అడిగారు. రెండుసార్లు చేయించాం. ఇద్దరూ ఏడ్చారు, నిమిషాలు అయిపోయాయి. మళ్ళీ చేస్తానని ఇద్దరూ అనలేదు.

జవాబు 47వ రోజున వచ్చింది. రూళ్ళు కొట్టుకుని, రూళ్ళు దాటి, ఒక్కో అక్షరం చింతగింజంత:

"నాయనా. బోరు కాడ వరస. మూడో చెటు. బంక పోలేదు. నీలు పెటినాం. నువు అనం తిను."

ఆ ఐదు ముక్కలకు మూడు సాయంత్రాలు పట్టిందని మేనల్లుడు తర్వాత చెప్పాడు. రమణయ్య ఏడుస్తాడనుకుని నీళ్ళ గ్లాసు దగ్గర పెట్టుకున్నాను. ఏడవలేదు. "పాదులో నీళ్ళు మొదలు కాడ నిలబెడతా ఉండారు. అందుకే బంక" అన్నాడు.

తోట పని, కాగితం మీద

జైలు లైబ్రరీలో పాత వ్యవసాయ పత్రికలు కట్టలకు కట్టలున్నాయి. వాటిల్లో మునిగాడు. మొదలుకు నీరు తగలకుండా రెండు పాదులు చేయడం, ఎండుపుల్లలు తీయడం, బంక గీకేసి బోర్డో పూత పూయడం, అన్నీ వరసగా రాసి పంపాడు. పూతకు మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్ళు వంద లీటర్లు అని రాశాడు. మేనల్లుడి దగ్గరనుంచి ఎదురు సమాధానం: "మామా, వంద లీటర్లు పిచికారీకి. పూతకయితే పదే. కొట్లో రోజూ అమ్మేదే నేను."

అది చదివి రమణయ్య నవ్వాడు. పదేళ్ళలో అతనితో ఒకరు మామూలు విషయం మీద వాదించడం అదే మొదలు. లోపలివాడంటే కసరడమో, జాలిపడటమో, రెండే తెలుసు అందరికీ. "నీ లెక్క తప్పు మామా" అనేవాళ్ళుండరు.

ఒక నెల చెట్టు చెట్టుకూ నంబరు వేసి తోట పటం గీశాడు. తనిఖీలో ఆపేశారు. జైల్లోంచి మ్యాపులు బయటికి పోకూడదు, వాళ్ళ జాగ్రత్త వాళ్ళది. వెళ్ళి వివరించాను. జైలరు కళ్ళజోడు పెట్టుకుని "ఇదేంది, ఇది బోరా, ఇది గట్టా" అని వేలు పెట్టి చూసి, నవ్వి సంతకం పెట్టారు. 1965లో ఇంతకంటే పెద్ద పేచీ సుప్రీంకోర్టు దాకా పోయింది. బొంబాయిలో నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ సంజ్‌గిరి అణువు గురించి మరాఠీలో రాసిన పుస్తకం అచ్చుకు పంపనివ్వమంటే ప్రభుత్వం వద్దంది. పంపనివ్వాలని కోర్టు చెప్పింది. మాది అంతదూరం పోలేదు.

జవాబు రాని నెలలూ ఉన్నాయి. అందుకు ముందే సిద్ధం చేశాను. రాకపోతే ఏం చేస్తావు? "ఐదో తారీకు ఇంకోటి ఇస్తా." అంతే. దీన్ని నాలుగైదుసార్లు నోటితో చెప్పించాను. 2020 మార్చిలో కరోనాకు ములాఖత్‌లు ఆగినప్పుడు బ్యారక్ అంతా తల్లడిల్లిపోయింది, ఇతనికి పెద్ద తేడా పడలేదు. 2021 నవంబరు పెన్నా వరదలప్పుడు ఏడు వారాలు ఏమీ రాలేదు. రెండు రోజులు అన్నం తగ్గింది. మూడో రోజు, తోటలో నీళ్ళు నిలిస్తే ఏం చేయాలో రాయడానికి కాగితం అడిగాడు.

మందులు డాక్టరు నెమ్మదిగా తగ్గించారు. పోస్టు వచ్చిందా అని ఇప్పుడూ అడుగుతాడు, అయితే నెలలో ఒక వారమే.

ముందస్తు విడుదల కమిటీ కోసం నా దగ్గర సర్టిఫికెట్ లాంటిదేదైనా ఇమ్మని ఒకసారి అడిగాడు. ఉత్తరాల గురించి అయితే ఇవ్వనన్నాను. విడుదల కోసం రాస్తున్నాడన్న వాసన తగిలితే ఆ తల్లి కలం కింద పెట్టేస్తుంది. మూడు వారాలు నాతో ముభావంగా ఉన్నాడు. అతనికి 14 ఏళ్ళు నిండిపోయాయి. జాబితాలో పేరు ఇంకా రాలేదు.

మూడో చెట్టు చివరికి బతకలేదు. మొదలంతా బంక పట్టి ఎండిపోతే కొట్టేశామని రాశారు. ఆ ఉత్తరం అతని చేతికి అందే ముందు రాత్రి నేను సరిగా నిద్రపోలేదు. అతను చదివి, మడిచి, "ఆ గుంతలో వెంటనే ఇంకోటి పెట్టొద్దని రాయాల" అన్నాడు.

తల్లికి, అతనికి మధ్య ఆ రాత్రి సంగతి ఇప్పటికీ కాగితం మీదకు రాలేదు. రావాలని నేనూ తొందరపెట్టడం లేదు.

కూతురు ఒక్క ముక్కా రాయలేదు. మూడేళ్ళ పిల్లగా వదిలాడు, ఇప్పుడు కాలేజీకి పోతోంది. కూతురికి విడిగా రాస్తానంటే, ఆమె నుంచి ఏదైనా వచ్చేదాకా ఆగమన్నాను. ఆగాడు. ఎండాకాలం నిమ్మకు ధర ఎక్కువ. ఆ రోజుల్లో పొదలకూరు మార్కెట్లో బస్తా ఎంత పలికిందని అతను ప్రతి ఉత్తరంలోనూ అడుగుతాడు. మొన్న ఏప్రిల్ ఉత్తరంలో తల్లి రాసిన నాలుగు వరసలూ ఎప్పటిలాగే వత్తుల్లేకుండా ఉన్నాయి. కింద ధర రాసిన వరస మాత్రం సన్నటి అక్షరాలు, వత్తులన్నీ ఉన్నచోట ఉన్నాయి. మేనల్లుడి చేతిరాత మాకు తెలుసు, అది కాదు.

అతను చాలాసేపు ఆ వరస మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరు రాశారని అడగనా మేడం అన్నాడు. వద్దన్నాను. మే 5న ఇచ్చిన ఉత్తరంలో ధరల మీద మామూలుగా అడిగే ఒక్కటి కాకుండా మూడు ప్రశ్నలున్నాయి.